స్పోర్ట్ ఏటీవీ ఇంజిన్ మార్పులు: శక్తి, మన్నిక

ఇసుక దిబ్బల మీద, మోటోక్రాస్ ట్రాకుల మీద, అడవి బాటల్లో వేగంగా నడపడానికే తయారైన నాలుగు చక్రాల బండిని స్పోర్ట్ ఏటీవీ అంటారు. ఏటీవీ అన్నది ఆల్ టెరైన్ వెహికల్‌కు పొట్టి పేరు. పొలం పనులకు, సామాను మోతకు వాడే యుటిలిటీ ఏటీవీల్లో బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్లు ఎక్కువ. స్పోర్ట్ ఏటీవీకి మాత్రం మోటారు సైకిల్ లాగే చేతి క్లచ్, కాలి గేర్లు, వెనక ఇరుసుకు గొలుసు ఉంటాయి. ఇంజిన్ కూడా చాలావరకు ఏదో ఒక మోటారు సైకిల్ నుంచి వచ్చిందే. 1980ల మధ్య నుంచి అమెరికాలో ఈ బళ్ల ఇంజిన్లను మార్చి శక్తి పెంచే విడిభాగాల వ్యాపారం పెద్దదిగా ఎదిగింది. పిస్టన్లు, క్యామ్‌షాఫ్టులు, సైలెన్సర్లు, సిలిండర్లు, ఆఖరికి పూర్తి ఇంజిన్ కూడా బయట కొనుక్కోవచ్చు. ఈ వ్యాపారమంతా గరిష్ఠ హార్స్‌పవర్ అనే ఒక్క అంకె మీద నడుస్తుంది. ఏటీవీ విషయంలో ఆ అంకె దారి తప్పిస్తుంది. ఎంత శక్తి వచ్చిందన్నదానితో పాటు ఆ శక్తిని ఎన్ని గంటలు నిలకడగా వాడుకోవచ్చు అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలా చూసినప్పుడు శక్తి పెంచడం ఒక పని, మన్నిక పెంచడం వేరే పని అన్న విభజన చాలామటుకు చెదిరిపోతుంది. రెండూ వేడి, పెట్రోలు-గాలి మిశ్రమం, దుమ్ము అన్న మూడింటి దగ్గరే తేలుతాయి.

ఈ బళ్ల పుట్టుక మూడు చక్రాలతో మొదలైంది. హోండా 1970లో అమెరికా మార్కెట్‌లోకి తెచ్చిన ఏటీసీ90కి బుడగల్లాంటి మూడు టైర్లుండేవి. సుజుకి 1982లో క్వాడ్‌రన్నర్ ఎల్‌టీ125తో నాలుగో చక్రం చేర్చింది. మూడు చక్రాల బళ్ల ప్రమాదాలు పెరగడంతో 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి. అప్పటికే నాలుగు చక్రాల రేసు బళ్లు రంగంలో ఉన్నాయి. 1985లో సుజుకి ఎల్‌టీ250ఆర్, 1986లో హోండా టీఆర్‌ఎక్స్250ఆర్, 1987లో యమహా బాన్షీ వచ్చాయి. మూడూ టూ-స్ట్రోక్‌లే. 1999లో హోండా టీఆర్‌ఎక్స్400ఈఎక్స్‌తో గాలి ఫోర్-స్ట్రోక్ వైపు తిరిగింది. 2001లో యమహా రాప్టర్ 660, 2004లో యమహా వైఎఫ్‌జెడ్450, హోండా టీఆర్‌ఎక్స్450ఆర్, 2006లో సుజుకి ఎల్‌టీ-ఆర్450, రాప్టర్ 700 వరసకట్టాయి. వినోద వాహనాల పొగ మీద అమెరికా పర్యావరణ సంస్థ 2002లో చేసిన నిబంధనలు 2006 మోడళ్ల నుంచి అమల్లోకి రావడంతో అక్కడ టూ-స్ట్రోక్ శకం ముగిసింది. బాన్షీ అమ్మకం కూడా ఆ ఏడుతోనే ఆగింది. దాని చుట్టూ పెరిగిన మార్పుల విద్య మాత్రం ఆగలేదు.

మోటోక్రాస్ మోటారు సైకిల్ ఇంజిన్‌ను తెచ్చి నాలుగు చక్రాల చట్రంలో పెడితే అదే ఇంజిన్ బతుకు మారిపోతుంది. 450 సీసీ మోటోక్రాస్ బైకు నూటపది కిలోల చుట్టుపక్కల తూగుతుంది. అదే శ్రేణి ఏటీవీ పెట్రోలు, ఆయిలు పోశాక నూట ఎనభై కిలోల దగ్గరికి వస్తుంది. వెనక వెడల్పాటి రెండు టైర్లు, వాటి మధ్య డిఫరెన్షియల్ లేని బిగువు ఇరుసు. మలుపు తిరిగిన ప్రతిసారీ ఏదో ఒక టైరు నేలను గీరుకుంటూ పోవాల్సిందే. ఇసుకలో తెడ్డు టైర్లు వేస్తే త్రాటిల్ వదలగానే బండి నిలబడిపోతుంది, అంటే ఇంజిన్‌కు ఊపిరి తీసుకునే వ్యవధే దొరకదు. ఇది తయారీదారులకు తెలియని సంగతి కాదు. 2003 నాటి యమహా వైజెడ్450ఎఫ్ బైకు ఇంజిన్ బోరు (సిలిండర్ వ్యాసం) 95 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 63.4 మి.మీ., కంప్రెషన్ (మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 12.5. దాని ఆధారంగా చేసిన వైఎఫ్‌జెడ్450లో బోరు అదే ఉంచి స్ట్రోకును 62 మి.మీ.కు, కంప్రెషన్‌ను 11.9కి తగ్గించారు. 449 సీసీ ఇంజిన్ 439 సీసీకి దిగింది. బరువైన బండికి చిన్న ఇంజిన్ పెట్టడం పైకి తలకిందులుగా కనిపిస్తుంది. ఎక్కువ సేపు నిండు బరువు లాగే ఇంజిన్‌కు వేడి దగ్గర కొంత వెసులుబాటు ఉంచారని చూస్తే అందులో అర్థముంది. బయట కొన్న హై-కంప్రెషన్ పిస్టన్ వేసేవాళ్లు మొదట ఖర్చు పెట్టేది ఆ వెసులుబాటునే.

శక్తి అంటే టార్కును ఇంజిన్ చుట్లతో గుణించగా వచ్చేది. కాబట్టి పెంచే మార్గాలు ఎన్ని పేర్లతో ఉన్నా మూడు తీరులే: ఒక్కో చుట్టుకు ఎక్కువ గాలిని మింగించడం, మింగిన దాన్ని మరింత బాగా మండించడం, చుట్ల సంఖ్య పెంచడం. వీటిలో అందరికీ ఇష్టమైనదీ, ఇంజిన్‌కు ఖరీదైనదీ మూడోది. పిస్టన్ పైకి పోయి ఆగి వెనక్కి మళ్లేటప్పుడు కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 9,000 నుంచి 10,000 ఆర్‌పీఎంకు పోతే చుట్లు పెరిగింది 11 శాతమే, రాడ్ మీద, దాని బోల్టుల మీద, చిన్న బుష్షు మీద లాగుడు పెరిగింది 23 శాతం. పిస్టన్ సగటు వేగం మరో సూచిక. 62 మి.మీ. స్ట్రోకున్న వైఎఫ్‌జెడ్450 పదివేల చుట్ల దగ్గర సెకనుకు 20.7 మీటర్ల వేగంతో పిస్టన్‌ను నడుపుతుంది. 84 మి.మీ. స్ట్రోకున్న రాప్టర్ 700 తొమ్మిది వేలకే 25 మీటర్లు దాటుతుంది. రెవ్ లిమిటర్ ఎత్తేసే పెట్టె కొని రాప్టర్‌ను 450 లాగా అరిపించాలనుకోవడం లెక్క తెలియని పని. పొడుగు స్ట్రోకు ఇంజిన్‌కు కింది చుట్లలో లాగే గుణం ఉంది. దాన్ని పెంచితే బండి బతుకుతుంది, పై చుట్ల మోజులో దాన్నే చంపుకుంటే రెంటికీ చెడ్డట్టే.

కంపెనీ ఇంజనీర్లు ఏళ్ల తరబడి పరీక్షించి నిలిపిన ఇంజిన్‌ను గ్యారేజీలో ఎవరో విప్పి మెరుగుపరచగలరా అన్నది మొదటి అభ్యంతరం. అది న్యాయమైనదే, అయితే సగమే. కంపెనీ ఇంజిన్ అత్యుత్తమమైనది కాదు, అందరికీ సరిపడేలా సర్దినది. చప్పుడు పరిమితి, పొగ పరిమితి, ధర, రకరకాల పెట్రోళ్లు, ఏ జాగ్రత్తా తీసుకోని కొనుగోలుదారు, ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని దాన్ని బిగిస్తారు. దీనికి సాక్ష్యం తెలుగు మెకానిక్కులకు బాగా తెలిసిన బండిలోనే ఉంది. బాన్షీలో ఉన్న 347 సీసీ జంట సిలిండర్ల టూ-స్ట్రోక్, యమహా ఆర్‌డీ350 వంశంలోది. అదే 64 మి.మీ. బోరు, అదే 54 మి.మీ. స్ట్రోకు. తేడా ఏమిటంటే ఆర్‌డీని గాలి చల్లబరిస్తే బాన్షీని నీరు చల్లబరుస్తుంది. ఆ ఆర్‌డీయే 1983 నుంచి మన దేశంలో రాజ్‌దూత్ 350గా వచ్చింది. జపాన్ బండి 39 హార్స్‌పవర్ ఇస్తే ఇక్కడి హై టార్క్ రకం ముప్పై చిల్లర, లో టార్క్ రకం 27 దగ్గరే ఆగాయి. మైలేజీ కోసం సిలిండర్ పోర్టులు ఇరుకు చేయడం ఇందులో ముఖ్య కారణం. పాత ఆర్‌డీ ప్రేమికులు సిలిండర్లు తీసుకెళ్లి పోర్టులు తీయించుకున్నది ఇందుకే. కంపెనీ వదిలిపెట్టిన శక్తి ఉంటుంది, తీసుకోవచ్చు. అయితే దాన్ని ఎందుకు వదిలిపెట్టారో తెలుసుకోకుండా తీసుకుంటే అప్పు చేసినట్టే.

మార్పుల్లో తొలి మెట్టు గాలి పెట్టె మూత తీయడం, సైలెన్సర్ మార్చడం, కార్బురేటర్ జెట్లు సవరించడం. మొదటి రెండూ చేసి మూడోది వదిలేయడం వల్ల పాడైన ఇంజిన్లు లెక్కలేనన్ని. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. గరిష్ఠ శక్తి వచ్చేది మాత్రం కొంచెం పెట్రోలు ఎక్కువైన చోట, సుమారు 12.5కూ 13కూ మధ్య. ఆ మిగులు పెట్రోలు మండకుండానే ఆవిరై సిలిండర్‌ను చల్లబరుస్తుంది కూడా. మూత తీస్తే గాలి పెరుగుతుంది, జెట్టు పాతదే అయితే మిశ్రమం పలచబడుతుంది, మంట వేడెక్కుతుంది, పిస్టన్ తల మెత్తబడుతుంది. విచిత్రమేమిటంటే సీజ్ అయ్యే ముందు కొద్దిసేపు పలచటి మిశ్రమంతో పికప్ చురుగ్గా అనిపిస్తుంది, నడిపేవాడు సంతోషిస్తాడు. సరిచూసే పద్ధతి పాతదే. కొత్త ప్లగ్గు వేసి, పై గేరులో త్రాటిల్ పూర్తిగా నొక్కి కాసేపు లాగించి, అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, క్లచ్ పట్టి బండిని దొర్లించి ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. లోపలి పింగాణీ అడుగున లేత గోధుమ రంగు వలయం ఉంటే సరే. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే మిశ్రమం పలచబడినట్టు, మీద వెండి రవ్వల్లాంటి చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. అక్కడే ఆగాలి. ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్ర మట్టం నుంచి ప్రతి మూడు వందల మీటర్లకు శక్తి సుమారు మూడు శాతం తగ్గుతుంది, గాలి పలచన కావడంతో చిన్న జెట్టు కావాల్సివస్తుంది. కొండ మీద సరిపోయిన చిన్న జెట్టుతో మైదానానికి దిగి పూర్తి వేగంతో తోలడం ఏటీవీల్లో తరచుగా జరిగే చావు.

ఇంధనం దగ్గర మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతులు రెండున్నాయి. అమెరికా పెట్రోలు బంకు మీద కనిపించే ఆక్టేన్ అంకె, మన బంకు మీది అంకె ఒకే కొలత కావు. అక్కడిది రీసెర్చ్, మోటార్ అనే రెండు పరీక్షల సగటు, ఇక్కడిది మొదటి పరీక్ష అంకె మాత్రమే. మన కొలతలో 91 ఆక్టేన్ ఉన్న పెట్రోలు అక్కడి లెక్కలో సుమారు 87. అమెరికాలో తయారైన పిస్టన్ పెట్టె మీద 91 ఆక్టేన్ చాలునని రాసి ఉంటే, దానికి మన దగ్గర కావాల్సింది 95కు పైబడిన పెట్రోలు. ఈ ఒక్క తికమక చాలు, నాకింగ్‌తో (మిశ్రమం తనంతట తాను భగ్గుమనడంతో) పిస్టన్‌కు చిల్లు పడడానికి. రెండోది ఇథనాల్. ఇథనాల్‌కు తొమ్మిది పాళ్ల గాలి చాలు కాబట్టి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకు సరైన నిష్పత్తి 13.5 దగ్గరకు వస్తుంది. శుద్ధ పెట్రోలుకు సవరించిన కార్బురేటర్‌లో అదే పోస్తే మిశ్రమం దాదాపు ఎనిమిది శాతం పలచబడినట్టే. ఇథనాల్ నాకింగ్‌ను ఆపుతుందన్న మాట నిజమే, అయితే జెట్టు పెంచినవాడికే ఆ లాభం దక్కుతుంది. నెలల తరబడి బండిని నిలిపి ఉంచేవాళ్లు కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టాలి. ఇథనాల్ తేమను పీల్చుకుని సన్నని పైలట్ జెట్టును మూసేస్తుంది.

కంప్రెషన్ పెంచడం గురించి విడిగా వాదించాల్సి ఉంది, ఎందుకంటే ఇక్కడే లాభం తగ్గుతూ, ముప్పు పెరుగుతూ పోతుంది. టీఆర్‌ఎక్స్400ఈఎక్స్ కంప్రెషన్ 9.1. దాన్ని 11 చేస్తే సైద్ధాంతిక లెక్కల ప్రకారం ఇంధన సామర్థ్యం ఆరు శాతం దాకా పెరుగుతుంది. అన్ని చుట్లలోనూ తెలిసే లాభం అది, మంచి పెట్రోలు పోస్తే చేయదగ్గ మార్పు. వైఎఫ్‌జెడ్450లో 11.9ని 13.5 చేస్తే అదే లెక్కలో దక్కేది మూడున్నర శాతం లోపే. దానికి బదులు రేసు పెట్రోలు కొనాలి, హెడ్ గ్యాస్కెట్ మీద ఒత్తిడి పెరుగుతుంది, రేడియేటర్ ఇంకా ఎక్కువ వేడి పారబోయాలి. పోటీలో ఒక సెకను తేడాతో స్థానాలు మారేవాళ్లకు ఆ మూడున్నర శాతం విలువైనదే. వారాంతంలో అడవిబాట పట్టేవాళ్లకు అది నష్టపు బేరం. నాకింగ్ సమయంలో జరిగేదేమిటంటే, ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. ఆ అదురుకు పిస్టన్ అంచులు తిన్నట్టు గుంటలు పడతాయి, రింగు గాడి విరుగుతుంది. పిస్టన్ అంచుకూ హెడ్డుకూ మధ్య సందును ఒక మిల్లీమీటర్ చుట్టుపక్కలకు బిగిస్తే మూలన మిగిలే మిశ్రమం తగ్గి, అదే కంప్రెషన్‌తో నాకింగ్ తగ్గుతుంది. పిస్టన్ మార్చి ఈ సందు కొలవనివాళ్లు సగం పని చేసినట్టు.

బోరు పెంచడం ఇంకా సూటి మార్గం. 400ఈఎక్స్ బోరు 85, స్ట్రోకు 70 మి.మీ., అంటే 397 సీసీ. దానికి ఇనప స్లీవు ఉంది కనుక లేత్ దగ్గర బోరింగ్ చేయించుకోవచ్చు. 89 మి.మీ.కు తీస్తే 435 సీసీ వస్తుంది, బజారులో దాన్ని 440 కిట్ అంటారు. సీసీ 9.6 శాతం పెరుగుతుంది. చాలామంది గమనించని విషయం, హెడ్డులోని మంట గది పాతదే అయితే కంప్రెషన్ కూడా తనంతట తాను 9.1 నుంచి సుమారు 9.9కి ఎక్కుతుంది. స్లీవు గోడ మాత్రం రెండేసి మిల్లీమీటర్లు పలచబడుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్‌లో పలచని స్లీవు వేడికి గుండ్రతనం కోల్పోతుంది, రింగులు ఆయిలు మింగడం మొదలవుతుంది. కాబట్టి ఈ మార్పుతో పాటు పెద్ద ఆయిల్ కూలర్ పెట్టడం విలాసం కాదు. 450 శ్రేణి ఇంజిన్ల సిలిండర్లు అల్యూమినియం మీద గట్టి పూత వేసినవి. వాటిని మామూలుగా బోరింగ్ చేయలేం, కొత్త సిలిండరో, మళ్లీ పూతో కావాలి. నొక్కి చేసిన ఫోర్జ్‌డ్ పిస్టన్లు గట్టివే కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతాయి. వాటికి గోడ దగ్గర ఎక్కువ సందు వదలాలి, బండి స్టార్ట్ చేశాక కొన్ని నిమిషాలు నెమ్మదిగా వేడెక్కనివ్వాలి. చల్లటి ఇంజిన్‌ను రేపితే పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలు పడి సీజ్ అవుతుంది. ఆ గీతలు చూసి పిస్టన్ నాసిరకమని తిట్టడం మామూలు, తప్పు నడిపినవాడిది.

ఫోర్-స్ట్రోక్‌లో అసలు విద్య హెడ్డు, క్యామ్‌షాఫ్టు, వాల్వుల దగ్గర ఉంది. వాల్వులను ఎక్కువ సేపు తెరిచి ఉంచే క్యామ్ పై చుట్లలో గాలి నింపుతుంది, కింది చుట్లలో నిండిన గాలినే వెనక్కి తోసేస్తుంది. బురదలో, మలుపుల్లో, చెట్ల మధ్య తిరిగే ఏటీవీ తన కాలంలో ఎక్కువ భాగం గడిపేది మధ్య చుట్లలోనే. డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) కాగితం మీద శిఖరాన నాలుగు హార్స్‌పవర్ పెరిగి, మధ్యలో లోయ పడితే ల్యాప్ సమయం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎక్కువ ఎత్తు లేపే క్యామ్ వేసినప్పుడు వాల్వు వెళ్లి పిస్టన్‌ను కొట్టకుండా చూసే పద్ధతి సులువైనది, తప్పనిసరైనది. పిస్టన్ తల మీద బంకమట్టి ముద్ద అద్ది, హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, వాల్వు నొక్కిన చోట ముద్దను బ్లేడుతో కోసి మందం కొలుస్తారు. 450ల్లో చాలావాటి టైటానియం వాల్వుల కథ వేరు. తేలిక కాబట్టి పదివేల చుట్లకు పోనిస్తాయి, అయితే వాటి ముఖం మీది గట్టి పూత ఇసుక రేణువులకు అరిగిపోతుంది. అరిగిన వాల్వు సీటులోకి దిగి టాపెట్ సందు తగ్గుతూ వస్తుంది. ఒకసారి షిమ్ (ఆ సందును సరిచేసే చిన్న బిళ్ల) మార్చడం నిర్వహణ. అదే వాల్వుకు మళ్లీ మళ్లీ పలచటి షిమ్ వేయడం రోగాన్ని దాచడం. స్టెయిన్‌లెస్ స్టీలు వాల్వులకు మారితే ఆయుష్షు పెరుగుతుంది, బరువు పెరిగినందుకు గట్టి స్ప్రింగులు కూడా వేయాలి, లేకపోతే పై చుట్లలో వాల్వు తేలిపోతుంది. టైమింగ్ చైన్‌ను బిగించే ఆటోమేటిక్ టెన్షనర్ తీసి, చేత్తో సవరించేది పెట్టుకోవడం చవకైన జాగ్రత్త, క్రమంగా చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రమే.

బాన్షీలాంటి టూ-స్ట్రోక్‌లో ఫోర్-స్ట్రోక్ తరహా వాల్వులు లేవు, సిలిండర్ గోడలో కోసిన కిటికీలే అంతా నిర్ణయిస్తాయి. ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచును ఎత్తితే అది ముందే తెరుచుకుని పై చుట్ల శక్తి పెరుగుతుంది. దానికి తోడు పొట్ట ఉబ్బిన సైలెన్సర్ గొట్టం లోపల ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది. గొట్టం పొడవు ఏ చుట్లకు కుదిరిందో అక్కడే ఈ మాయ, అటూ ఇటూ తప్పితే ఇంజిన్ నీరసం. పోర్టులు ఒక రకానికి, గొట్టాలు ఇంకో రకానికి కొంటే డబ్బులు పోసి శక్తి తగ్గించుకున్నట్టే. బాన్షీ బాగుచేతలో నిజంగా విలువైన పరీక్ష మాత్రం ఏ కొత్త భాగంతోనూ సంబంధం లేనిది. కార్బురేటర్, ఎగ్జాస్ట్ నోళ్లు మూసి ఇంజిన్‌లోకి 6 పీఎస్ఐ ఒత్తిడి ఎక్కించి ఆరు నిమిషాలు నిలుస్తుందో లేదో చూస్తారు. నిలవకపోతే సబ్బు నురుగు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో వెతుకుతారు. క్రాంక్ సీలు దగ్గరో, సిలిండర్ అడుగు గ్యాస్కెట్ దగ్గరో, రబ్బరు బూటు పగుల్లోనో దొరుకుతుంది. అక్కడి నుంచి దొంగతనంగా పీల్చిన గాలి మిశ్రమాన్ని పలచన చేస్తుంది, ఎంత పెద్ద జెట్టు వేసినా ఆ సిలిండర్ మళ్లీ సీజ్ అవుతుంది. ఇంకో అపోహ, పెట్రోలులో ఆయిలు ఎక్కువ కలిపితే మిశ్రమం చిక్కబడుతుందని. జెట్టులోంచి పోయే ద్రవంలో ఆయిలు వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, అంటే నిజానికి పలచబడుతుంది.

దుమ్ము గురించి ప్రకటనలు రావు, గ్యారేజీల్లో ఎక్కువ ఇంజిన్లను విప్పించేది అదే. ఇసుక అంటే చాలావరకు సిలికా, పిస్టన్ రింగు కన్నా గట్టిది. ఫోమ్ ఫిల్టర్‌కు ఆయిలు సరిగా పట్టించకపోయినా, దాని అంచు గాలి పెట్టె మీద సరిగా కూర్చోకపోయినా చెంచాడు ధూళి చాలు, రింగులు, సిలిండర్, వాల్వు సీట్లు కలిసి అరగడానికి. అనుభవజ్ఞులు ఫిల్టర్ అంచుకు గ్రీజు పలచగా రాసి బిగిస్తారు. ప్రతి రైడు తర్వాత విప్పి, ఫిల్టర్ దాటాక ఉండే రబ్బరు బూటు లోపల వేలు తిప్పి చూస్తారు. వేలికి గరుకు తగిలితే ఫిల్టర్ మోసం చేసినట్టు. గాలి పెట్టెను పూర్తిగా తీసేసి బయట ఫిల్టర్ తగిలించే మార్పు డైనో మీద బాగుంటుంది. ఇసుకలో, నీటి గుంటల్లో అది ఆత్మహత్య. ఇక్కడ మన్నిక మార్పే శక్తి మార్పు కూడా. అరిగిన రింగులతో కంప్రెషన్ కారిపోయే ఇంజిన్‌కు కొత్త పిస్టన్, రింగులు, శుభ్రంగా కూర్చోబెట్టిన వాల్వులు ఇచ్చే శక్తి, అరిగిన ఇంజిన్ మీద తగిలించిన రేసు సైలెన్సర్ ఇవ్వలేదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక దిబ్బల నుంచి వస్తుంది. అక్కడ ఓల్డ్స్‌మొబైల్ హిల్ మీద బాన్షీలు నిమిషం కూడా పట్టని పందేలు ఆడతాయి. పెద్ద సిలిండర్లు, పొడుగు స్ట్రోకు క్రాంకు, ఆల్కహాల్ ఇంధనం, మామూలుగా వాడలేని కంప్రెషన్. గంటల ఆయుష్షు వాళ్లకు ఎందుకు? నిజమే, అక్కడ గరిష్ఠ హార్స్‌పవరే సరైన కొలత, ఎందుకంటే సిలిండర్ గోడలు, పిస్టన్ పూర్తిగా వేడెక్కేలోపే పందెం అయిపోతుంది. అంటే ఆ బళ్లు ఈ సూత్రాన్ని తోసిపుచ్చడం లేదు, వేడికి సమయం ఇవ్వకుండా తప్పించుకుంటున్నాయి. అదే కూర్పు తెచ్చి ఎడారిలో గంటసేపు నడిపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దీనికి ఎదురు చివరన డకార్ ర్యాలీ ఉంది. 2009 నుంచి 2024 దాకా క్వాడ్‌లకు (నాలుగు చక్రాల ఏటీవీలకు) విడిగా సాగిన విభాగంలో యమహా రాప్టర్ 700 ఆధారిత బళ్లదే రాజ్యం. అర్జెంటీనా సోదరులు మార్కోస్, అలెహాంద్రో పాత్రొనెల్లీ 2010 నుంచి 2016 మధ్య అయిదుసార్లు గెలిచారు. రెండు వారాలు, వేల కిలోమీటర్లు, దక్షిణ అమెరికా ఘట్టాల్లో మూడున్నర వేల మీటర్లు దాటిన ఎత్తులు. 9.2 కంప్రెషన్ ఉన్న, పొడుగు స్ట్రోకు ఒంటి సిలిండర్ ఇంజిన్ అక్కడ నెగ్గడం యాదృచ్ఛికం కాదు. అదే సిలిండర్ సంఖ్యతో 450లు అంతకంటే చురుకైనవే, అయినా ఆ పందెం వాటిది కాదు.

మరి కొంతమంది అడిగేది, చిన్న ఇంజిన్‌ను ఇంత కష్టపడి మార్చడం కన్నా పెద్ద ఇంజిన్ ఉన్న బండే కొనుక్కుంటే సరిపోదా అని. చాలామందికి సరిపోతుంది. 440 కిట్, క్యామ్, పిస్టన్, ఆయిల్ కూలర్ ఖర్చంతా కలిపితే పాత 400ఈఎక్స్ యజమాని విప్పని రాప్టర్ వైపు సగం దూరం వచ్చేస్తాడు. మార్పులకు న్యాయం మిగిలేది రేసు నిబంధన సీసీని కట్టేసిన చోట, లేదా తేలికైన బండి చాకచక్యమే కావాల్సిన చోట. ఇంజిన్ ముట్టకుండా దక్కే లాభం ఇంకొకటుంది, స్ప్రాకెట్లు. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే చక్రం దగ్గర టార్కు ఏడు శాతం చుట్టుపక్కల పెరుగుతుంది, గరిష్ఠ వేగం ఆ మేరకు తగ్గుతుంది. ఇసుకలో పెద్ద టైర్లు వేసి క్లచ్ కాలిపోతోందని ఇంజిన్ విప్పేవాళ్లు ముందు ఇది చూడాలి. బాజా పోటీల్లో మన ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు కట్టే పెట్రోలు బగ్గీలకు అందరూ ఒకే రకం చిన్న ఇంజిన్ వాడాలి, దాన్ని మార్చనివ్వరు. గెలుపోటములు గేరింగ్, బరువు దగ్గరే తేలుతాయి. ఆ నియమం వెనక మంచి పాఠ్యప్రణాళిక ఉంది.

చట్టం విషయం క్లుప్తంగా: కాలిఫోర్నియాలో 1986 నుంచి తయారైన ఆఫ్‌రోడ్ బళ్ల చప్పుడు 96 డెసిబెల్స్ దాటకూడదు. అడవుల్లో నిప్పురవ్వలు ఆపే జాలీ లేని సైలెన్సర్‌తో తిరగడం నేరం. రేసు సైలెన్సర్లు అమ్మేటప్పుడు ఈ జాలీని విడిగా ఇస్తారు, కొన్నవాళ్లు దాన్ని పెట్టెలోనే ఉంచేస్తారు. మన దగ్గర ఏటీవీలు ఎక్కువగా రిసార్టుల్లో, సాహస క్రీడల మైదానాల్లో కనిపిస్తాయి. వాటిని అనుభవం లేనివాళ్లు రోజంతా వంతులవారీగా నడుపుతారు. అక్కడ శక్తి పెంచే మార్పు ఏదీ సమర్థనీయం కాదు. ఫిల్టర్, ఆయిలు, టాపెట్ సెట్టింగ్ చాలు.

2006 నుంచి వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ ఈ రంగంలో రెండు మార్పులు తెచ్చింది. మొదటిది మంచిది. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, డైనో మీద ఒక్కో త్రాటిల్ స్థాయికి, ఒక్కో చుట్ల స్థాయికి మిశ్రమం కొలిచి సవరించవచ్చు, ప్లగ్గు రంగు చూసి ఊహించక్కర్లేదు. రెండోది అంత మంచిది కాదు. ఇంటర్నెట్‌లో దొరికిన మ్యాపు (ఏ చుట్లకు ఎంత పెట్రోలో చెప్పే పట్టిక) దించుకుని ఎక్కించడం తేలికైపోయింది. ఆ మ్యాపు వేరే ఎత్తులో, వేరే పెట్రోలుతో, వేరే సైలెన్సర్ ఉన్న బండి కోసం రాసిందని ఎక్కించేవాడికి గుర్తుండదు. ఈ లోగా బళ్ల మార్కెట్టే కుంచించుకుపోయింది. 2010ల మధ్య నాటికి హోండా, కవాసాకి, సుజుకి అమెరికాలో తమ 450 రేసు క్వాడ్‌లను ఆపేశాయి, వైఎఫ్‌జెడ్450ఆర్, రాప్టర్ 700లతో యమహాయే ప్రధానంగా మిగిలింది. దాంతో ఇవాళ జరుగుతున్న ఇంజిన్ పనిలో పెద్ద భాగం పదిహేను, ఇరవై ఏళ్ల నాటి సిలిండర్లకు మళ్లీ పూత వేయించడం, క్రాంకులు విప్పి కొత్త రాడ్లు నొక్కి వెల్డింగ్ చేసి సరిచూడడం, అరిగిన టైటానియం స్థానంలో స్టీలు వాల్వులు దించడం. పాత బాన్షీలకైతే క్రాంక్‌కేసు, సిలిండర్లు, హెడ్డు అన్నీ బయటి తయారీవే దొరుకుతున్నాయి. యమహా చేసిన ఒక్క భాగమూ లేని బాన్షీ ఇంజిన్‌ను పెట్టెల్లోంచి తీసి మేజా మీద బిగించడం ఇప్పుడు సాధ్యం.